గోడ మీద పక్కింటమ్మాయి

ఆ వేసవంతా నేను పనిచేసిన గదికి కిటికీ లేదు. ఒకప్పుడు అది మా కాలనీ డిస్పెన్సరీలో ఎక్స్‌రే గది. మిషను పాడైపోయి, దాన్ని ఎవరో పట్టుకుపోయాక ఖాళీ గది మిగిలింది. గోడల్లో సీసం రేకులు పెట్టి కట్టారట. లోపలికెళ్ళి తలుపు వేసుకుంటే ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే ఆరిపోయేవి. కంప్యూటరు కోసం గోడకు బెజ్జం కొట్టి ఒక వైరు మాత్రం లాగారు.

"ఏసీ ఉన్న గది ఇదొక్కటేనమ్మా. నీకు ప్రశాంతంగా ఉంటుంది," అన్నారు వెల్ఫేర్ ఆఫీసరు గారు, తాళంచెవి నా చేతిలో పెడుతూ.

మా నాన్న టైల్స్ ఫ్యాక్టరీలో సెక్యూరిటీ గార్డు. వెనక గేటు ఆయనది. ఫ్యాక్టరీ ప్రహరీకి ఇవతల మా క్వార్టర్స్. కాలనీలో కుర్రకారు కోసం ఒక వీడియో యాప్ చేయించాలని ఆఫీసరు గారికి ఆలోచన వచ్చింది. ఎవరు పాడినా, ఆడినా, గోల చేసినా నిమిషం వీడియో తీసి అందులో పెట్టుకోవాలి. కాలనీవాళ్ళు మాత్రమే చూడాలి. బయటి యాప్‌లలో పడి పిల్లలు పాడవుతున్నారనీ, ఇదైతే మన ఇంటి వరండాలో మన పిల్లలు ఆడుకున్నట్టు ఉంటుందనీ ఆయన వాదన. 'మన కుటుంబం' అనే మాట పడకుండా ఆయన వాక్యం పూర్తయ్యేది కాదు. నేను అంతకు ముందు పనిచేసిన కంపెనీ మూతపడి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. గేటు కాపలా ఆయన కూతురు ఖాళీగానే ఉందిగా అని ఎవరో అన్నారు. అలా ఆ పని వచ్చి నా ఒళ్ళో పడింది.

యాప్‌కి 'మన గోడ' అని పేరు పెట్టారు. పిల్లలు 'మన' తీసేసి గోడ ఉంచుకున్నారు. చలి తగ్గి ఎండ ముదిరేసరికి కాలనీలో ఏ మూల చూసినా అదే మాట. "నీ డాన్సు గోడెక్కిందా?" "నిన్న ఎక్కించా, అక్క ఇంకా వదల్లేదు." ప్రతి వీడియోనీ ముందు నేను చూసి, సరే అనుకుంటే వదలాలి. అది ఆఫీసరు గారు పెట్టిన రూలు.

అందరికంటే ఎక్కువ వీడియోలు రేడియోవి. మా వరసలోనే రెండిళ్ళ అవతల ఉండే బట్టీ మేస్త్రి కూతురు. నోరు మూత పడదని చిన్నప్పుడే ఆ పేరు వచ్చింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ కూడా ఆ పేరుకి మచ్చ రానివ్వలేదు. ఒకరోజు తిన్నగా ఎక్స్‌రే గదికే వచ్చేసింది.

"అయితే బాబాయ్ గేటుకి కాపలా, నువ్వు గోడకి కాపలా అన్నమాట. మరి పిన్ని?"

"మా ఇద్దరికీ కాపలా."

"అబ్బ, మీ ఇల్లు కాదక్కా, పోలీస్ స్టేషను!" అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు కూడా వీడియో తీసి ఎక్కించింది. నేను వదిలాను.

ఇంట్లో అమ్మ రాత్రి వడ్డిస్తూ ఆరా తీసింది. "ఎన్నేళ్ళ వాళ్ళకే ఇది?"

"పదిహేను నుంచి పాతిక."

"మరి మిగతావాళ్ళం కాటికి కాళ్ళు చాపుకుని కూర్చున్నామా?"

"నువ్వేం పెడతావమ్మా వీడియోలు?"

"పెట్టే వాళ్ళకి తెలుస్తుందిలే," అంది అమ్మ. నాన్న తలెత్తకుండా నవ్వాడు. ఆయన నవ్వడమే తక్కువ, మాట్లాడడం ఇంకా తక్కువ. కానీ లారీ డ్రైవర్లను ఆపి మరీ తన ఫోనులో గోడ చూపిస్తున్నాడని తర్వాత తెలిసింది. మా అమ్మాయి చేసింది, అంటాడట. ఆ తర్వాత గాని గేటు తియ్యడట.

గోడ మీద 'పక్కింటమ్మాయి' అని ఒకరు ఉండేవారు. మొహం కనిపించదు, గొంతు వినిపించదు. దండెం మీద ఆరేసిన చొక్కా గాలికి చేతులూపడం, చొక్కాకి గుండీ కుడుతున్న వేళ్ళు, ప్రహరీ మీద పిల్లి ఒళ్ళు విరుచుకోవడం. ఇలాంటివే. పిల్లలకి అవి ఎందుకో తెగ నచ్చాయి. ఆ అమ్మాయి ఎవరై ఉంటుందా అని కుర్రాళ్ళు పందేలు కాసుకున్నారు. ఒకడు ప్రేమలో కూడా పడ్డాడని రేడియో వార్త చదివింది.

ఎండలు బాగా ముదిరాక సమ్మె మొదలైంది.

ఫ్యాక్టరీలో టైల్స్ కాల్చే బట్టీలు రెండు. అందులో ఒకదాన్ని విప్పి వేరే చోటికి తరలిస్తారని పుకారు. బట్టీ పోతే దాని మీద బతికేవాళ్ళంతా పోయినట్టే. యూనియన్ వాళ్ళు అడిగితే, అదంతా ఉత్త మాట, ఒక్క మేకు కూడా కదలదు అంది యాజమాన్యం. రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. దాంతో పనులు ఆగిపోయాయి. ముందు గేటు దగ్గర టెంటు లేచింది. కొద్దిరోజులకి కాలనీకి నీళ్ళు వదిలే వేళ తగ్గిపోయింది. మోటారు పాడైందన్నారు. అది ఏం మోటారో, ఆఫీసర్ల క్వార్టర్స్‌కి మాత్రం బాగానే పనిచేసేది.

గార్డులకి యూనియన్ లేదు. నాన్న రోజూ పొద్దున్నే బూట్లు పాలిష్ చేసుకుని, ఇస్త్రీ చెదరని ఎర్రగీత నీలం ప్యాంటు వేసుకుని వెనక గేటుకి వెళ్ళేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనతో కలిసి టీ తాగినవాళ్ళు టెంటులోంచి చూసి మొహం తిప్పుకునేవారు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి బూట్లు గుమ్మం బయట విప్పి, గోడకానుకుని కూర్చునేవాడు. అమ్మ మంచినీళ్ళిచ్చేది.

నేను మాత్రం ఏసీలో కూర్చునేదాన్ని. కాలనీ అంతటికీ చల్లగా ఉన్న గది నాదొక్కటే. సాయంత్రం బయటికి వస్తే ఎండ మొహాన కొట్టేది. బిందెలు పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకి జరిగి నాకు దారిచ్చేవారు. ఆ దారి ఇవ్వడాన్నే నేను తట్టుకోలేకపోయేదాన్ని.

గోడ మీద డాన్సులు ఆగిపోయాయి. వాటి బదులు ఎండిన కుళాయిలు, టెంటులో నిద్రపోతున్న నాన్నలు, ఖాళీ డబ్బాలు. రేడియో ఒక విరిగిన గరిటె మైకులా పట్టుకుని, "వార్తలు చదువుతున్నది మీ రేడియో. ఈరోజు కుళాయిలో నీళ్ళు రాలేదు గానీ గాలి మాత్రం పుష్కలంగా వచ్చింది" అని మొదలుపెట్టేది. ఆఫీసరు గారు వచ్చి నెమ్మదిగా చెప్పారు. "నెగటివ్‌గా ఉన్నవి ఆపమ్మా. కుటుంబంలో గొడవలు వీధిలో పెట్టుకుంటామా?" కొన్ని వదిలాను, కొన్ని ఆపాను. ఏవి ఎందుకు వదిలానో, ఏవి ఎందుకు ఆపానో నన్నడిగితే చెప్పలేను. ఆపిన ప్రతిదానికీ రేడియో ఫోను చేసేది. ఆ గదిలో నాకు సిగ్నలు ఉండదు కదా. బయటికొచ్చాక చూస్తే మిస్డ్ కాల్స్ వరసగా ఉండేవి.

ఒకరోజు పొద్దున్నే పక్కింటమ్మాయి నుంచి వీడియో వచ్చింది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వెనక గేటు. లోపల్నుంచి ఒక లారీ నెమ్మదిగా బయటికొస్తోంది. మీద కట్టిన టార్పాలిన్ ఒక పక్క జారింది. దాని కింద బట్టీలో టైల్స్‌ని నడిపించే రోలర్లు, వరసగా పేర్చి ఉన్నాయి. లారీ నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. దాని వెనక ఇంకో లారీ.

ఒక్క మేకు కూడా కదలదు అన్నవాళ్ళు బట్టీనే కదిలిస్తున్నారు.

రెండోసారి చూశాను. ఎక్కడో ఏదో తేడాగా అనిపించింది. తీసినవాళ్ళు కెమెరాని కొంచెం ఎడమకి ఉంచి ఉంటే గేటు మొత్తం వచ్చేది. కుడికి లాగి పట్టుకున్నారు. గేటు తీసే మనిషి నిలబడే చోటు సరిగ్గా అంచు దగ్గర తెగిపోయింది. లారీ ముందుకు కదిలేకొద్దీ కెమెరా కూడా ఆ చోటుని తప్పిస్తూ జరిగింది. మూడోసారి చూస్తే ఒక మూల కిటికీ ఊచ కనిపించింది. వంగిపోయిన ఊచ.

ఆ ఖాతా ఏ నంబరు మీద ఉందో చూడగలను. చూడాల్సిన అవసరం కలగలేదు.

వేలు మౌసు మీద ఉంది. ఆపెయ్యొచ్చు. ఆపితే ఎవరికీ తెలియదు. వదిలాను.

ఆరోజే చర్చలు. యూనియన్ పెద్ద తన ఫోను తీసి మేనేజరు ముందు బల్ల మీద పెట్టాడట. చర్చలు అక్కడితో సరి. మధ్యాహ్నానికల్లా జనం వచ్చి వెనక గేటుకి అడ్డంగా కూర్చున్నారు. మూడో లారీ లోపలే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ పొయ్యి తుడుస్తోంది. నాన్న ఇంకా రాలేదు.

"ఈ ఊచ ఎప్పుడు వంగిందమ్మా?"

అమ్మ వెనక్కి తిరగలేదు. "చిన్నప్పుడు నువ్వే వేలాడి వేలాడి వంచావు."

"వీడియోలో పడింది."

చేతిలో గుడ్డ ఆగింది. "పడిందా? నేను చూసుకోలేదే."

"నీకేమైనా మతిపోయిందా? నాన్న ఉద్యోగం ఏం కావాలి?"

"మీ నాన్న పడకుండానే తీశాను కదే."

"అది కాదమ్మా..."

"ఏది కాదు?" అని ఇటు తిరిగింది. మొహమంతా చెమట. "ఆ లారీలు పోతున్నాయని ఆయనకి తెలుసు. ఈ కిటికీలోంచి రోజూ చూస్తున్నాను గనక నాకూ తెలుసు. పొద్దున్నే కుళాయి దగ్గర రేడియో వాళ్ళమ్మ తన బిందె పక్కకి తీసి నా బిందె కుళాయి కింద పెడుతుంది. గార్డు పెళ్ళాన్నని అందరూ నన్ను తేడాగా చూస్తుంటే, ఆవిడ మాత్రం 'నువ్వు పట్టుకో చెల్లీ, పాపం మరిది డ్యూటీకి వెళ్ళాలి' అంటుంది. రేపు ఆ బట్టీ పోతే ముందు వీధిన పడేది వాళ్ళాయనే. ఆమె మొహం ఎట్లా చూడమంటావు నన్ను?"

"నాన్నకి తెలుసా, నువ్వు తీశావని?"

"ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఈ ఇంట్లో అడగడాలు, చెప్పుకోవడాలు ఎప్పుడున్నాయి గనక." మళ్ళీ గుడ్డ తీసుకుంది. "అయినా నువ్వు చూసే కదా వదిలావు?"

"చూసే వదిలాను."

"మరి నన్నంటావేం?"

మర్నాడు ఆఫీసరు గారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. కళ్ళకింద నల్లగా ఉంది. ఆయన్ని పైనుంచి ఎవరో పిండుతున్నారని తెలుస్తూనే ఉంది.

"నంబరు కావాలమ్మా. ఆ పక్కింటమ్మాయిది."

"నంబర్లు ఎవరికీ ఇవ్వం అని యాప్‌లో రాశాం సార్. మీరే రాయించారు."

"బయటివాళ్ళకి ఇవ్వం అన్నాం. మనలో మనకేంటి? మనం ఒక కుటుంబం." కాసేపు బల్లమీద వేళ్ళాడించారు. "సోమవారం హెడ్డాఫీసు నుంచి ఇంజనీరు వస్తున్నాడు. కంప్యూటరు మొత్తం విప్పి చూస్తాడు. ఎటూ తెలిసేదే. ఆ లోపల నువ్వే చెబితే నీకూ మర్యాద, మీ నాన్నకీ మర్యాద. అంతవరకు నువ్వు సాయంత్రం దాకా ఇక్కడే ఉండు. బయట వాతావరణం బాగాలేదు. నీ భద్రతకి మన మనిషిని పెడుతున్నాను."

ఆ మన మనిషి మా నాన్న.

వెనక గేటు మూసుకుపోయింది కదా, అక్కడ ఆయనకు పనిలేదన్నారు. ఎక్స్‌రే గది తలుపు బయట ఒక స్టూలు వేశారు. ఆఫీసరు గారి మాట లేనిదే లోపలికి ఎవరినీ పంపకూడదు, నన్ను బయటికి రానివ్వకూడదు. ఫోను కాపలా మనిషికి అప్పగించి లోపలికి వెళ్ళాలి. పొద్దున్నే ఇద్దరం ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే దారిన నడిచి, తలుపు దగ్గరికి రాగానే నేను ఫోను తీసి నాన్న చేతిలో పెట్టేదాన్ని. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకునేవాడు. నా మొహం చూసేవాడు కాదు. తర్వాత బయట గొళ్ళెం పడిన చప్పుడు.

లోపల కూర్చుని అన్ని దారులూ వెతికాను. పేరు చెబితే అమ్మ. చెప్పకపోతే సోమవారం వచ్చే ఇంజనీరు. ఖాతా చెరిపేస్తే, చెరిపింది నేనేనని తెలుస్తుంది, అప్పుడు అమ్మా నేనూ నాన్నా అందరం. అసలు గోడనే కూల్చేస్తే? పిల్లల పాటలు, డాన్సులు, గరిటె వార్తలు అన్నీ పోతాయి, అనుమానం మాత్రం మిగులుతుంది. నేను కట్టిన ఇంట్లో నాకే తలుపు దొరకలేదు. లేచి నిలబడితే ఆ గదిలో నడవడానికి కూడా చోటు లేదు. గోడ దాకా వెళ్ళి, చెయ్యి ఆనించి, వెనక్కి వచ్చేదాన్ని.

మధ్యాహ్నం గొళ్ళెం తీసి నాన్న క్యారియరు లోపలికి జరిపాడు. తను గడప అవతలే కూర్చుని తన గిన్నె విప్పుకున్నాడు.

"నాన్నా, నీకు తెలుసా?"

ఆయన ముద్ద నమలడం పూర్తిచేశాడు. "ఆ వీడియో అందరూ చూస్తుంటే నేనూ చూశాను. లారీ ఉంది. గేటు ఉంది. గేటు దగ్గర పడుకునే కుక్క కూడా ఉంది. గేటు తీసింది నేను. నేను మాత్రం లేను." ఇంకో ముద్ద కలుపుతూ, "నన్నంత జాగ్రత్తగా తప్పించేవాళ్ళు ఈ కాలనీలో ఎంతమంది ఉంటారమ్మాయ్?"

నా గిన్నె పక్కకి జరిపాను. "ఏం చేద్దాం మరి?"

"ముందు తిను. చల్లారిపోతుంది."

శనివారం నాడు రేడియోని తీసుకొచ్చారు.

వెనక గేటు కనిపించే వరసలో ఉండేవి ఆరిళ్ళు. అందులో గోడ మీద రోజూ నోరు చేసుకునేది రేడియో ఒక్కతే. ఆఫీసరు గారికి లెక్క సరిపోయింది. గదిలో మూడో కుర్చీ లేదు, ఆ పిల్ల నిలబడే ఉంది. తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర నాన్న నిలబడ్డాడు.

"నేను తీసుంటే కింద పెద్ద అక్షరాలతో పేరు వేసుకునేదాన్ని సార్. పేరు లేకుండా వీడియో పెట్టడం నా వల్ల అయ్యే పనేనా?"

మామూలు రోజైతే అందరం నవ్వేవాళ్ళం.

"మీ నాన్న సర్వీసు ఇంకెన్నాళ్ళుందమ్మా?" అన్నారు ఆఫీసరు గారు, ఎంతో ఆప్యాయంగా. "సమ్మెలో ఉన్నందుకు ఎవరినీ ఏమీ అనం. కానీ కంపెనీ రహస్యాలు బయటపెట్టడం వేరు. సోమవారం ఆయనకి కాగితం వెళ్తుంది. తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. నావైపు తిరిగింది. "అక్కా, నీకు కనిపిస్తుందిగా ఎవరు పెట్టారో. నేను కాదని చెప్పు. చెప్పక్కా!"

"తను కాదు సార్," అన్నాను.

"మరి ఎవరు?"

నోరు తెరిచాను. నాన్న నావైపు చూడడం లేదు. గోడమీద ఎక్కడో చూస్తున్నాడు. నోరు మూసుకున్నాను.

రేడియో నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. అందులో కోపం లేదు. ఎవరినైనా బస్సులో చూసి, తెలిసినవాళ్ళనుకుని నవ్వబోయి, కాదని తెలిసి ఆగిపోతామే, అలా ఉంది. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. దాని జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

ఆ సాయంత్రం నాన్నా నేనూ పక్కపక్కనే నడిచి ఇంటికొచ్చాం. అన్నాల దగ్గర నాన్న ఉన్నట్టుండి అన్నాడు. "మేస్త్రికి సోమవారం కాగితం ఇస్తారట." ఎవరితో అన్నాడో తెలియదు. అమ్మ వడ్డించే గరిటె గిన్నెలో పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆదివారం కూడా నన్ను రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనానికి నాన్న ఇంటికి వెళ్ళాడు. ఆ కాసేపు వేరే గార్డు తలుపు దగ్గర కూర్చున్నాడు. నాన్న తిరిగొచ్చి, గొళ్ళెం తీసి, క్యారియరు లోపల పెట్టాడు. ఎప్పటిలా తనూ కూర్చోలేదు. నేను తిన్నాక చెయ్యి కడుక్కోడానికి నీళ్ళు పోసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి గొళ్ళెం చప్పుడు వినపడలేదు.

కంప్యూటరు దగ్గరికెళ్తే ఒక కొత్త వీడియో నేను వదలడం కోసం ఎదురుచూస్తోంది. పక్కింటమ్మాయి నుంచి.

మా వంటిల్లు. మధ్యలో అమ్మ నిలబడి ఉంది. పెళ్ళిళ్ళకి కట్టుకునే చీర కట్టుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు చివర పట్టుకుంది.

"నేను వెనక గేటు కాపలా ఆయన భార్యని," అంది. "పక్కింటమ్మాయి అని పెట్టుకుంది నేనే. వయసు పంతొమ్మిది అని అబద్ధం చెప్పాను. దానికేం శిక్ష వేస్తారో వేసుకోండి. లారీలు తీసింది నేను. ఇదిగో, ఈ కిటికీలోంచి. రేడియోకి గానీ వాళ్ళ నాన్నకి గానీ దీంతో ఏ సంబంధం లేదు. మా అమ్మాయికి కూడా ఏం తెలియదు." ఇంకేదో చెప్పబోయి మానుకుంది. "అంతే. ఆపండి."

వీడియో ఆగలేదు. కెమెరా ఊగి పక్కకి తిరిగింది. పొయ్యి, గిన్నెల బల్ల, తర్వాత కిందికి. వంటింటి గచ్చు మీద, నల్లగా మెరుస్తున్న ఒక జత బూట్లు. ఎర్రగీత ఉన్న నీలం ప్యాంటు అంచు. బూట్లతో గుమ్మం కూడా దాటనివ్వదు మా అమ్మ. "ఎక్కడ నొక్కాలి?" అని నాన్న గొంతు. "ఎర్రదండీ, ఎర్రది," అని అమ్మ. బొటనవేలు కెమెరా మీదికి రావడంతో చీకటైపోయింది.

లేచి తలుపు తోస్తే తెరుచుకుంది. నాన్న స్టూలు మీద, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎప్పుడూ కూర్చునేలాగే కూర్చున్నాడు.

"నాన్నా. వీడియో చివర కొంచెం ఎక్కువ వచ్చింది."

"ఎక్కువంటే?"

"నీ బూట్లు వచ్చాయి. ప్యాంటు కూడా. గొంతు కూడా." అన్నాను. "చివర కత్తిరించొచ్చు. అమ్మ మాట అయిపోయిన దగ్గర ఆపేస్తే చాలు. ఎవరు తీశారో తెలియదు. ఒక్క నిమిషం పని."

నాన్న తలొంచి తన బూట్ల వంక చూసుకున్నాడు. పొద్దున్న పాలిష్ చేసినవే. ఎడమ బూటు మీద దుమ్మేదో ఉంటే చేత్తో తుడిచాడు.

"ఉండనీ," అన్నాడు.

లోపలికెళ్ళి వదిలాను.

గంట లోపే ఆఫీసరు గారు పరుగున వచ్చారు. చొక్కా వెనక భాగం తడిసి ఒంటికి అంటుకుపోయింది. గోడ మొత్తం మూసెయ్యమన్నారు. మూసేశాను. అప్పటికే ఆ వీడియో చేతులు మారి టెంటు దాకా, టెంటు దాటి బజారు దాకా వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆయన నాన్న ఎదుట ఆగి, "నువ్వు కూడానా?" అన్నారు. అందులో నిజంగానే బాధ ఉంది. నాన్న లేచి నిలబడి, అలవాటుగా సెల్యూట్ కొట్టాడు.

మేస్త్రికి కాగితం వెళ్ళలేదు. సమ్మె ఇంకొన్నాళ్ళు సాగి, అటూ ఇటూ కాకుండా ముగిసింది. బట్టీ కదల్లేదు గానీ ఒక షిఫ్టు తీసేశారు. సర్వీసు తక్కువున్నవాళ్ళు చాలామంది పనుల్లోంచి పోయారు. నాన్నని తీసేస్తూ ఇచ్చిన కాగితంలో అమ్మ మాటే లేదు. యూనిఫాం దుర్వినియోగం అని రాశారు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. గోడ మీద పిల్లలు పెట్టినవన్నీ ఆ కంప్యూటరులోనే ఉండిపోయాయి. ఇప్పించమని ఎన్నిసార్లు అడిగినా, కంపెనీ ఆస్తి అన్నారు. ఆ వేసవిలో పాడిన పాటలు ఎవరికీ తిరిగి రాలేదు. కొందరు పిల్లలు ఇప్పటికీ నన్నే అంటారు. అనొద్దని చెప్పే మొహం నాకు లేదు.

సామాను ఎత్తే రోజు రేడియో వచ్చింది. అమ్మని పట్టుకుని ఏడ్చింది, గిన్నెలు మోసింది, ఆటోవాడితో బేరమాడింది. నాతో మాత్రం అవసరమైనంత వరకే మాట్లాడింది. ఆటో కదిలేముందు దగ్గరికొచ్చి, "నువ్వు పిన్ని పేరు చెప్పలేవని నాకిప్పుడు అర్థమైందక్కా," అంది. "కానీ ఆ రోజు నాకు అర్థం కాలేదు."

పట్టాల అవతల రెండు గదుల పోర్షను దొరికింది. వంటింటికి కిటికీ ఉంది గానీ పక్కింటి గోడ దానికి అడ్డం. నేను ఉద్యోగాలకి అప్లై చేసేదాన్ని. ఇంటర్వ్యూల్లో, ఇంతకు ముందు చేసిన యాప్ చూపించమనేవారు. చూపించడానికేం ఉండేది కాదు. ముగ్గురం ఒకరి కాళ్ళకి ఒకరం అడ్డం తగులుతూ తిరిగేవాళ్ళం. నాన్న పొద్దున్నే డ్యూటీ వేళకి లేచేవాడు. లేచాక ఎక్కడికి వెళ్ళాలో తెలియక వీధి తలుపు తీసి గుమ్మంలో కూర్చునేవాడు. ఎవరైనా వస్తే చటుక్కున లేచేవాడు. దారినపోయే వాళ్ళని కూడా ఎవరు కావాలని అడిగేవాడు.

అమ్మ నవ్వుతూనే ఉండేది, కాస్త ఎక్కువగా. ఆయన ఎదురుగా ఏమీ అనేది కాదు. ఒకరోజు నాతో మాత్రం గిన్నెలు తోముతూ, "ఆయన ఫోను పట్టుకుంటానన్నప్పుడు నేను వద్దని ఉండాల్సింది," అంది. నేను జవాబు చెప్పేలోపల కుళాయి గట్టిగా తిప్పింది.

ఆ వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. మబ్బు కమ్మి, చూస్తుండగానే వాన పడింది. చినుకులు కాదు, ఒక్కసారిగా. గుమ్మంలో కూర్చున్న నాన్న లేవలేదు. జల్లు లోపలికి కొట్టి చాప తడుస్తోంది, గోడవారన పెట్టిన ట్రంకుపెట్టె తడుస్తోంది.

"ఏమండీ, తలుపెయ్యండి! ఇల్లంతా తడిసిపోతోంది!" అని అమ్మ లోపల్నుంచి కేకేసింది.

నాన్న తలుపు మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే ఆగిపోయాడు. మొహమంతా తడిసింది.

"వానే కదా," అన్నాడు. "రానీ."